బాలవ్వ కేసెట్టు

మా అవ్వ నోరు మంచిది కాదు. ఈ మాట మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. అందరికంటే ముందు అవ్వే చెప్పుకునేది. పొద్దున లేస్తూనే కోడిని తిట్టేది, అంటుకోని పొయ్యిని తిట్టేది, పలకరించడానికి వచ్చిన చుట్టాన్నీ తిట్టేది. చెరుకు కొట్టే ముఠాకు ఆమే పెద్ద. ఇరవై మంది ఆమె తిడితేనే కత్తులు పట్టేవారు, ఆమె తిడితేనే సద్దిమూటలు విప్పేవారు. ఏ రోజైనా ఎవరినైనా ఆమె తిట్టకపోతే ఆ మనిషికి మనసు మనసులో ఉండేది కాదు. "బాలవ్వకు నా మీద కోపమొచ్చిందా ఏంది?" అని ఆ మనిషి పక్కవాళ్ళను అడిగేవాడు.

నేను చెప్పేది ఎనభై ఎనిమిదిలో చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగి చెరుకు కొట్టుడు మొదలైన దగ్గర నుంచి, ఎండలు ముదిరి అది ఆగిపోయేదాకా జరిగిన సంగతి. మాది రుద్రూర్‌కూ బోధన్‌కూ మధ్య ఊరు. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు పోయి అప్పటికి నాలుగేళ్ళు. అన్న పేతురు సౌదీలో, దమ్మాం దగ్గర ఒక కంపెనీ క్యాంపులో ఉండేవాడు. ఇంట్లో అవ్వా నేనూ. నా పేరు శారమ్మ. అప్పుడు నాకు పంతొమ్మిది. ఇంటర్ పాసయ్యాను, చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, బోధన్ లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకుని ఒకటే చదివేదాన్ని. ఆ నవలల్లో ఎవరూ తిట్టుకునేవారు కాదు. కోపమొస్తే "ఛీ" అనేవారు, మరీ కోపమొస్తే గదిలోకి పోయి తలుపు వేసుకునేవారు. అలాంటి ఇంట్లో పుట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకునేదాన్ని. మా ఇంటికి వేసుకోవడానికి లోపలి తలుపే లేదు.

అవ్వకు చదువు రాదు. అన్న ఏడో తరగతి దాకా చదివాడు కాబట్టి ఉత్తరాలు రాసేవాడు. మా జవాబు మాత్రం కాగితం మీద వద్దనేవాడు. "నీ రాత సూసుకుంట ఏం జేయాలె శారీ, నాకు అవ్వ గొంతు పంపు" అని సెలవుకు వచ్చినప్పుడు టేప్‌రికార్డరు ఇంట్లో పెట్టిపోయాడు. సౌదీ, దుబాయి పోయినవాళ్ళ ఇళ్ళల్లో అప్పుడు అదే రివాజు. అవ్వ దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. నేను ఎర్ర బటన్ నొక్కడమే ఆలస్యం.

"ఓ పేతురుగా, బాడ్కావ్, తిన్నవారా? ఏం తింటవు తియ్యి. ఇను. ఆ హన్మండ్లుగాడు లేడూ, నీ దోస్తు, లంజకొడుకు, నిన్న బండి బోల్త గొట్టిండు. బండెడు శెరుకు కాల్వల. ఎద్దు కింద వడి కొట్టుకుంటుంటె, వాని పీన్గెల్ల, వాడు ఎద్దును ఇడిసిపెట్టి నీళ్ళల్ల బీడికట్ట దేవులాడుతుండు! వానికన్న ఆ ఎద్దుకే బుద్ధున్నది..."

అలా రెండు పక్కలూ నిండేదాకా. మధ్యలో నేను చెవులు మూసుకునేదాన్ని. ఉన్నమాట చెప్పాలంటే, మూసుకున్న చేతుల సందులోంచి విని నవ్వుకునేదాన్ని కూడా. చిన్నప్పుడైతే ఆ తిట్లు వింటూనే నిద్రపోయేదాన్ని.

ఆ డిసెంబరులో అన్న క్యాంపు నుంచి ముత్యం అనే అతను సెలవుకు వచ్చాడు. కమ్మర్‌పల్లి అతను. అన్న ఇచ్చిన సెంటు సీసా, దుప్పటి పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాకిట్లో నిలబడి అవ్వను కింది నుంచి మీది దాకా చూశాడు.

"బాలవ్వంటె నువ్వేనా?"

"ఎందుకురా? పోలీసోనివా?"

అతను రెండు చేతులూ జోడించాడు. "అవ్వా, నీకు తెల్వది. మా క్యాంపుల నువ్వు పెద్ద ఈరోయిన్‌వు. జర నన్నొక్కసారి తిట్టవ్వా. పోయి చెప్పుకుంట."

అవ్వకు మొహం చాటంత అయింది గానీ అడిగి తిట్టించుకుంటే నోట్లోంచి తిట్టు ఎలా వస్తుంది? సిగ్గుపడింది. "పో బిడ్డా, ఉత్తపుణ్యానికి ఎందుకు తిడ్త" అన్నది. ముత్యం నిరాశగా బూట్లు విప్పడానికి వెనక్కి జరిగాడు. జరిగి, ఎండబోసిన మిరపకాయల మీద కాలు పెట్టాడు. ఇక చూడాలి. అతని ఏడు తరాలనూ, అతనికి బూట్లు కుట్టినవాణ్ణీ, అతన్ని సౌదీకి ఎక్కించిన విమానాన్నీ అవ్వ వదిలిపెట్టలేదు. ముత్యం మిరపకాయల మధ్యే కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "గిది! గిదే అవ్వా!" అంటాడు. ఆ పూట అవ్వ అతనికి కోడి కోసి పెట్టింది.

అతను సంక్రాంతి ముందరే తిరిగి వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య నన్ను చర్చి మెట్ల పక్కకు పిలిచింది. ఆమెను మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. మనిషి మంచిదే. నాకు ఇంటర్ పరీక్ష ఫీజు కట్టింది కూడా ఆమే.

"శారమ్మా, మా మరిది సత్యానందం జాబు రాసిండు. ఆయన వేరే క్యాంపు గదా, అక్కడిదాక వచ్చిందట మీ అమ్మ కేసెట్టు. కాపీలు తీసుకుంటుండ్రట" అని ఆగింది. "జూన్‌ల నిజామాబాద్ హాస్టల్‌కు టీచర్ కావాలె. కమిటీల నీ పేరు నేనే చెప్పిన. రేపు ఎవరన్న, ఆ పిల్ల తల్లి బూతులు సౌదీ దాక పోయినయంటె నేనేం జవాబు చెప్పాలె, నువ్వే చెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరో పిల్లలు కొత్త బట్టల్లో అటూ ఇటూ పరిగెడుతున్నారు. వాళ్ళంతా నన్నే చూసి నవ్వుతున్నారనిపించింది.

జనవరి మధ్యలో అన్న ఉత్తరం వచ్చింది. ఇలా రాశాడు:

"అవ్వా, శుక్రారం మాకు సుట్టీ. మా రూంల వీసీఆర్ కిరాయికి తెస్తరు. సినిమా నడుస్తుంటె బంద్ జేసి నీ కేసెట్టు పెట్టుమంటరు. జగిత్యాలోళ్ళు, ఆర్మూరోళ్ళు అందరు వస్తరు. హన్మండ్లు బండి బోల్త వడ్డ కాడ ఒకడు పొట్ట పట్టుకొని కింద వడ్డడు. నీ తిట్టు ఇంటుంటె నాకు అరుగు మీద కూసున్నట్టె ఉంటది అవ్వా. ఆరు దినాలు ఎండల పని జేసింది గూడ యాదికుండదు. ఇంకో కేసెట్టు జల్ది పంపు."

అవ్వ చెరుకు తోట నుంచి వచ్చి, చెరుకాకు గీసుకుపోయిన చేతులకు నూనె రాసుకుంటూ ఎదురుగా కూర్చుంది. "సదువు" అన్నది. నేను చదివాను. సగం దాకా ఉన్నది ఉన్నట్టు చదివి, ఆగి, అక్కడ లేని మాటలు చదివాను.

"అవ్వా, అందరు నీ తిట్లు ఇని నవ్వుతున్నరు. నాకు నామోషి అయితుంది. ఇగ తిట్టకుండ మాట్లాడు."

అవ్వ చేతుల మీద నూనె రాయడం ఆపేసింది.

"గట్ల రాసిండా?"

"ఆ."

"ముత్యంగాడు గట్ల అనలే గదనే?"

"నీ మొఖం ముంగట ఎట్ల అంటడు? ఎనుక నవ్వుతరు."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! అవ్వ నూనె గిన్నె పక్కకు జరిపింది. తర్వాత లేచి పొయ్యి దగ్గరకు పోయింది. పొయ్యి అంటుకోలేదు. దాన్ని కూడా ఏమీ అనలేదు.

ఆ ఆదివారం కొత్త కేసెట్టు చేశాం. అవ్వ ఏం చెప్పాలో నేనే రాసిపెట్టాను. ఒక్కో వాక్యం నేను గుసగుసగా అందిస్తే ఆమె పైకి అనేది. "నాయనా పేతురూ, నీవు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమము. చెరుకు పని బాగుగా జరుగుచున్నది. హన్మండ్లు కూడా నిన్ను అడిగినాడు." నాలుగు వాక్యాలకే అవ్వకు చెమటలు పట్టాయి.

"గీ మాటలు నా నోట్ల పడ్తలేవు శారీ."

"పడ్తయి. మెల్లగ అను."

"మెల్లగ అంటుంటె మీ బాపు మంచంల ఉన్నట్టె ఉన్నది నాకు."

మా వాడలో మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరూ తిట్టరు. ఆ గడప లోపల తిడితే ఆ తిట్టు తగిలి తీరుతుందని భయం. బాపు మంచంలో ఉన్న రెండు నెలలూ అవ్వ నోట ఒక్క తిట్టు రాలేదు. "ఏమయ్యా, జర గంజి తాగుతవా?" అని మెల్లగా అడిగేది. బాపు ఒకనాడు, అప్పటికి ఇంకా సౌదీ పోని మా అన్న వైపు చూసి, "మీ అవ్వ గిట్ల మాట్లాడుతుందంటె నేను బతకనన్నట్టేరా" అని నవ్వాడు. నేనూ అక్కడే ఉన్నాను, విన్నాను. అయినా ఆ ఆదివారం అవ్వ చెప్పిన మాట నా చెవికెక్కలేదు. టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ అనిపించాను.

పూర్తయ్యాక ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. రేడియోలో పెద్దమనుషులు మాట్లాడినట్టుంది. నా నవలల్లో అమ్మ మాట్లాడినట్టుంది. రెండోసారి కూడా పెట్టుకుని విన్నాను. మర్నాడు బోధన్ పోయి రిజిస్టరు పార్సిల్ చేశాను, అమ్మగారి ఇంటికి పోయి చెప్పి మరీ వచ్చాను.

ఫిబ్రవరి ఆఖర్న అన్న ఉత్తరం వచ్చింది. గబగబా రాసినట్టుంది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"శారీ, నీకు దండం పెడ్త, దాచకు. అవ్వకేమైంది? నీకేమన్న అయిందా? కేసెట్ల అవ్వ ఒక్కసారి గూడ తిట్టలే. బాపు మంచంల ఉన్నప్పటి గొంతే గది. ఇంట్ల ఎవరో మంచాన వడ్డరు, మీరు నాకు చెప్తలేరు. కఫీల్‌ను సుట్టీ అడిగిన, ఇయ్యనన్నడు. పాసుపోర్టు వానికాడనే ఉన్నది. నేనైతె ఎట్లనన్న వస్త."

కఫీల్ అంటే అక్కడి యజమాని. వాడు పంపితేనే రావడం, లేకపోతే లేదు. ఉత్తరాన్ని గబగబా మడిచాను.

"ఏం రాసిండే?" అని అవ్వ వాకిట్లోంచి అరిచింది.

"మంచిగున్నడట. మంచిగ మాట్లాడినవని సంతోషపడ్డడట."

అవ్వ అలా తల ఊపింది. ఆ ఊపడంలో సంతోషం లేదు.

ఏం చేయాలో నాకు తెలియక కాదు. టేప్‌రికార్డరు ముందు పెట్టి అవ్వను నాలుగు తిట్లు తిట్టించి పంపితే అయిపోయేది. కానీ తిట్టమనాలంటే ముందు నేను ఆడిన అబద్ధం ఒప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు. పోనీ టెలిగ్రాం ఇద్దామా అంటే, మా దగ్గర టెలిగ్రాం అంటే చావు కబురే. అది చూస్తేనే అన్న ప్రాణం పోతుందని భయపడ్డాను. ఉత్తరమే రాశాను. "అందరం బాగున్నాం. అవ్వకు ఏ జబ్బూ లేదు. దేవుని దయ వల్ల తిట్లు మానేసింది, అంతే" అని రాశాను. ఆ ఉత్తరంలో కూడా నిజం రాయలేదు నేను. అదే రోజు డబ్బాలో వేశాను.

మార్చి రెండో వారంలో టెలిగ్రాం మాకే వచ్చింది. అవ్వ తోటలో ఉంది. పోస్టుమాన్ సైకిల్ గట్టు మీద ఆపి నన్ను చూసిన తీరులోనే నాకు తెలిసిపోయింది. ముఠా అంతా కత్తులు కింద పడేసి చుట్టూ చేరారు. అవ్వ మొదట ఎవరినీ నమ్మలేదు. "మల్ల సదువు" అన్నది. చదివాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు.

అన్న శవమున్న పెట్టె రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. దానికి తోడుగా కంపెనీ ముత్యాన్ని పంపింది. సమాధి దగ్గర పని అయ్యాక అతను నన్ను ఇంటి వెనక్కి రమ్మన్నాడు. గడ్డం పెరిగి ఉంది, నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"చెల్లె, ఆ కేసెట్టు అచ్చిన శుక్రారం అందరం శాయి పట్టుకొని కూసున్నం. సినిమా బంద్ జేసినం. అయిదు నిమిషాలు... పది నిమిషాలు... ఎవ్వరు నవ్వలే. ఒకడు, 'ఇది మీ అవ్వేనా?' అన్నడు. అందరు మెల్లగ లేసి పోయిండ్రు. పేతురు ఒక్కడే మూడుసార్లు తిప్పి తిప్పి ఇన్నడు. 'ముత్యం, నువ్వు సూసినప్పుడు మంచిగనే ఉండె గద' అన్నడు. ఉండెరా అన్న. 'అయితె ఈ నెలల ఏదో అయింది' అన్నడు. రోజు గదే మాట. తిండి బంద్ జేసిండు. ఒకనాడు పగటీలి నమాజు యాళ్ళకు ఎవ్వరికి చెప్పకుండ గేటు దాటిండు. మెయిన్ రోడ్డు మీద లారీ దొరికితె ఎంబసీకి పోతననుకున్నడో ఏమో. రోడ్డు దాటుతుంటె ట్రేలర్ గుద్దింది."

జేబులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు. నేను రాసిన ఉత్తరం. ఎవరూ విప్పలేదు. "వాడు పోయి మూడు దినాలైనంక అచ్చింది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అవ్వకు ట్రేలర్ ముచ్చటే చెప్పిన. కేసెట్టు ముచ్చట చెప్పలే. ఎందుకు చెప్పాలె?" అన్నాడు. ఆ కేసెట్టు నేనే చేయించానని అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

ఆ రోజు నుంచి అవ్వ నోరు పడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. మనుషులు వస్తే ఒకే మాట అనేది. "నా తిట్టే తగిలింది. పీన్గెల్ల పీన్గెల్ల అని దునియనంత అన్న. ఆఖరుకు నా కొడుకే పీనుగై అచ్చిండు." ఎవరెంత చెప్పినా వినేది కాదు. కూర ముక్క ముట్టేది కాదు. చెరుకు సీజను మిగిలిన పదిరోజులూ తోటకు వచ్చింది గానీ నోరు విప్పలేదు. ముఠా వాళ్ళు గట్టు మీద నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు తినాలో వాళ్ళకు తెలిసేది కాదు.

అమ్మగారు వచ్చి అవ్వ తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది. "దేవుడు నీ నోటిని కడిగిండు బాలమ్మా" అన్నది. మంచి మనసుతోనే అన్నది. నాకు మాత్రం ఆమెను వాకిట్లోకి నెట్టేయాలనిపించింది. పోతూ పోతూ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. హాస్టల్ ఉద్యోగం నాకు వచ్చింది.

ఏప్రిల్లో ఒక పొద్దున అవ్వ చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. చేతులు పనిచేస్తున్నాయి, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఇలాగే ఉంటే ఎండాకాలం దాటదని నాకు తెలుసు. దగ్గరగా పోయి కూర్చున్నాను.

"అవ్వా, నీ తిట్టు తగలలే. నువ్వు తిట్టకనే అన్న పోయిండు."

ఆమెకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. అమ్మగారి మాట, ఉత్తరంలో నేను కలిపిన మాట, కేసెట్టు విని అన్న అనుకున్నది, గేటు దాటినది, నేను ఇవ్వని టెలిగ్రాం. చెప్తూ నేల చూశాను. చెప్పడం అయ్యాక కూడా నేలే చూశాను. చెంప పగులుతుందనుకున్నాను. పగలాలని కోరుకున్నాను.

"నామోషి అయితుందని వాడు రాయలేదా?" అన్నది అవ్వ.

"రాయలే."

"మరేం రాసిండు? తే. ఉన్నది ఉన్నట్టు సదువు."

ట్రంకు పెట్టెలోంచి ఆ ఉత్తరం తెచ్చి చదివాను. వీసీఆర్ బంద్ చేయడం, జగిత్యాలోళ్ళు రావడం, ఒకడు పొట్ట పట్టుకుని కింద పడడం. అక్కడ ఆగమన్నది. "ఎవడాడు?" అన్నది. రాయలేదన్నాను.  అవ్వ నవ్విందో ఏడ్చిందో, రెండూ ఒకేసారి వచ్చాయి. అరుగు మీద కూర్చున్నట్టే ఉంటది అని చదివిన చోట కొంగు నోట్లో కుక్కుకుని, వాడు పోయిన రోజు కూడా ఏడవనంత ఏడ్చింది. నేను ముట్టుకోబోతే చేయి పక్కకు పెట్టింది.

ఎంతసేపైందో. అప్పుడే హన్మండ్లు బండి మా దడిని రాసుకుంటూ పోయింది. రెండు కర్రలు ఫటఫటమని విరిగాయి. అవ్వ లేచింది.

"ఓ హన్మండ్లుగా! నీ కండ్లు గిట్ల పేలినయారా, బాడ్కావ్! మీ అయ్య ఏసిండారా గా దడి? ఆగు, నీ జిమ్మడిపోను, ఆగుమంటె!"

వాడలో వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. హన్మండ్లు బండి ఆపి, దిగి, తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఎక్కి ఎక్కి ఏడ్చాడు. అవ్వ తిడుతూనే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అవ్వ బతికింది, ఇక చాలు అనుకున్నాను. నేనూ లేచి ఆమె పక్కన నిలబడ్డాను. అవ్వ నా వైపు తిరిగింది. గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"నువ్వు లోపలికి పో బిడ్డా. ఎండ కొడ్తది."

జూన్‌లో నేను నిజామాబాద్ హాస్టల్‌లో చేరాను. ఏళ్ళు గడిచాయి. అవ్వ ఇప్పటికీ ఉంది. కోడిని తిడుతుంది, కరెంటును తిడుతుంది, హన్మండ్లు మనవళ్ళను కూడా తిడుతుంది. ముత్యం వచ్చినప్పుడల్లా అతన్ని కడుపునిండా తిట్టి కోడి కోసి పెడుతుంది. నేను సెలవులకు పోతే దడి అవతలి నుంచే ఆ అరుపులు వినిపిస్తాయి. లోపల అడుగు పెట్టగానే ఆగిపోతాయి. "వచ్చినవా బిడ్డా? కాళ్ళు కడుక్కో" అంటుంది. ఎవరో కొత్త మనిషితో మాట్లాడినట్టు, జబ్బు మనిషితో మాట్లాడినట్టు.

మొన్న ఈస్టర్‌కు పోయినప్పుడు పొయ్యి మీది నుంచి దించిన పాలగిన్నెను కావాలనే చేయి జార్చాను. పాలన్నీ ఇల్లంతా పారాయి. అవ్వ వచ్చి చూసింది. నేను ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాను.

"పోనియ్యి బిడ్డా" అన్నది. గుడ్డ తెచ్చుకుని, వంగలేక వంగి, నా కాళ్ళ చుట్టూ తుడిచింది.